మందుకు ముందు నాలుగు ముద్దలు

మా జిపార్‌కు ఎనిమిదేళ్ళప్పటి చలికాలం నుంచి కొన్నేళ్ళపాటు, పొద్దున్నే వంటింట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. నా భార్య బూరుల్ రొట్టెల బట్టీలో పనిచేసేది. తెల్లారకముందే లేచి, తలకు శాలువా బిగించి కట్టుకుని వెళ్ళిపోయేది. నేను మా ఊరు కరాకోల్ బజారు నుంచి జిర్గలాన్ లోయకు తిరిగే చిన్న బస్సు నడిపేవాణ్ణి. నా మొదటి ట్రిప్పు ఎనిమిదిన్నరకు. అందుకని పిల్లను లేపడం, తినిపించడం, మందు మింగించడం, జడలు వేసి బడికి పంపడం నా వంతు. జడలు వేయడం మాత్రం నాకు ఆఖరిదాకా చేతకాలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఆ పొద్దులు తలపుకొస్తే పొయ్యిలో బొగ్గు అంటుకునేటప్పటి వాసన ముక్కుకు తగులుతుంది. దాంతోపాటు నేను చేసిన తప్పు కూడా గుర్తొస్తుంది. ఆ రెంటినీ విడదీసి తలుచుకోవడం నావల్ల కాదు.

జిపార్ నడక నేర్చుకోలేదు, ఏకంగా పరుగే నేర్చుకుందని మా అమ్మ బాత్మా అందరికీ చెప్పేది. నిజమే. పది నెలలకే గోడ వదిలేసింది. అయిదేళ్ళకు పశువుల కొట్టం కప్పు మీద కూర్చుని పక్కింటివాళ్ళ కోళ్ళకు పేర్లు పెట్టేది. ఒక్క చలికాలంలో ఏడు జతల చేతి తొడుగులు పోగొట్టింది. వంటింట్లో మాట మొదలుపెడితే వీధిలో పూర్తిచేసేది. మాకు అదంతా ముచ్చటే. మనింటికి రేడియో అక్కర్లేదని నవ్వుకునేవాళ్ళం.

బడిలో చేరాక ఆ నవ్వు తగ్గింది. రెండో తరగతిలో, ఆకులు రాలే రోజుల్లో, పంతులమ్మ అనార్‌గుల్ మమ్మల్నిద్దర్నీ పిలిపించింది. చెడ్డ మనిషి కాదు. ముప్పై ఎనిమిది మంది పిల్లలతో వేగి వేగి గొంతు బొంగురుపోయిన మనిషి.

"మీ అమ్మాయి మొద్దు కాదు," అంది. "నోటి లెక్కలు అందరికంటే ముందు చెప్పేస్తుంది. పుస్తకం ముందు పెడితే మాత్రం రెండు లైన్లు దాటదు. లేస్తుంది, కిటికీ దగ్గరికి పోతుంది, పక్కపిల్ల జడ లాగుతుంది. తిడితే ఏడుస్తుంది. ఏడుస్తూనే మళ్ళీ లేస్తుంది. దాని పక్కన మేం కూర్చోమని ఈ నెలలోనే ముగ్గురు పిల్లలు మొండికేశారు."

"కాస్త గట్టిగా చెప్తే..." అని నేనేదో అనబోయాను.

"గట్టిగా చెప్పీ చెప్పీ నా గొంతు ఇలా అయింది తమ్ముడూ," అంది. రాజధాని బిష్కెక్‌లో ఒక డాక్టరమ్మ పేరు కాగితం మీద రాసి, ఆ కాగితం నాకు కాకుండా బూరుల్ చేతిలో పెట్టింది.

మా అమ్మకు ఈ కబురు నచ్చలేదు. "డాక్టరెందుకురా, దిష్టి తగిలింది," అని అర్చా చెట్టు కొమ్మలు కాల్చి ఇల్లంతా పొగ పెట్టింది. జిపార్ ఆ పొగలో గంతులేస్తూ, దగ్గుతూ, నవ్వింది. తర్వాత దిష్టి, జడుపు తీసే ముసలామె ఒకతె వచ్చి పిల్ల తల మీద నీళ్ళ గిన్నె పట్టి, అందులో కరిగించిన సీసం పోసింది. గడ్డకట్టిన సీసాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదిగో, కుక్కను చూసి జడుసుకుంది," అని తేల్చింది.

"కుక్కే దీన్ని చూసి జడుసుకుంటుంది," అని గొణిగింది బూరుల్.

ఇక మిగిలింది గుర్రం. కిర్గిజ్ బిడ్డకు బడి బెంచీ ఎక్కడ సరిపోతుంది, గుర్రమెక్కిస్తే అదే కుదురుకుంటుందని మా అమ్మ పంతం పట్టింది. జిర్గలాన్‌లో మా అన్న దగ్గరికి పంపాం. పిల్ల భయం లేకుండా ఎక్కింది, కానీ జీను పట్టీ బిగించడం మరిచిపోయింది. రెండో మలుపులో జీనుతో సహా గుర్రం పొట్ట కిందికి జారింది. మోచెయ్యి ఎముక చిట్లితే కట్టు కట్టించి ఇంటికి తెచ్చాం. ఆ తర్వాత బూరుల్ ఎవరినీ ఏమీ అడగలేదు. బిష్కెక్ బస్సులో మూడు సీట్లు చెప్పించింది.

డాక్టరమ్మ పేరు ఫరీదా ఇల్దారోవ్నా. తెల్లజుట్టు తాతార్ జాతి ఆవిడ. చాలాసేపు పిల్లతో ఆడింది, ప్రశ్నలు మాత్రం మమ్మల్ని అడిగింది. చివరికి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పింది.

"దీని బుర్రలో 'ఆగు' అని చెప్పేది ఉంది. కాకపోతే ఆలస్యంగా చెప్తుంది. ఇందులో మీ పెంపకం తప్పూ లేదు, పిల్ల పొగరూ లేదు." నా వంక తిరిగింది. "మీ ఇద్దరి వైపూ ఇంకెవరైనా ఇలా ఉండేవాళ్ళా?"

నేను గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చున్నాను. బూరుల్ నన్ను చూస్తూ కూర్చుంది.

వెంటనే మందు ఇవ్వలేదు ఆవిడ. ముందు వరసలో కూర్చోబెట్టమంది, పని చిన్న చిన్న ముక్కలుగా ఇమ్మంది, మధ్యమధ్య లేచి తిరగనివ్వమంది. పంతులమ్మ పాపం అన్నీ చేసింది. కొంత నయమైంది, చాలినంత కాలేదు. కొత్త సంవత్సరం దాటాక మళ్ళీ వెళ్తే మందు రాసింది. రోజూ పొద్దున్నే ఒక గొట్టం మాత్ర. నమలకూడదు, విప్పకూడదు, మింగాలి. గుణం కనిపించడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చంది.

ఇంటికొచ్చిన రోజే గొడవ మొదలైంది.

"ఎనిమిదేళ్ళ పిల్లకు బుర్ర మందా?" అంది మా అమ్మ. "వీడు మాత్రం చిన్నప్పుడు ఇలా లేడా? వీడికెవరిచ్చారు మందు? బతకలేదా?"

"మీ అబ్బాయి ఏడో తరగతిలో బడి మానేశాడు అత్తమ్మా," అంది బూరుల్, పిండి చేతులు దులుపుకుంటూ. "బూతులు తిట్టించుకోని రోజు లేదని ఆయనే చెప్పాడు. బతికాడు, కాదనను. నా కూతురు బతికితే చాలదు నాకు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. పైకి మాత్రం, "సరే, ఇచ్చి చూద్దాం," అన్నాను.

మాత్ర మింగడం జిపార్‌కు రాదు. నోట్లో వేసుకోవడం, నీళ్ళు తాగడం, మాత్ర నాలుక మీదే మిగలడం. బూరుల్ ఒక ఆదివారం ఎండుద్రాక్ష పళ్ళెంలో పోసి అందర్నీ చుట్టూ కూర్చోబెట్టింది. "ఎవరు నమలకుండా మింగితే వాళ్ళు గెలిచినట్టు." ముందు నేను మింగాను. మా అమ్మ, మందంటే గిట్టని మనిషి, పందెం అనేసరికి మోకాళ్ళ మీదికి లేచింది. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, గుటకేసి, "పోయిందే!" అని అరిచింది. జిపార్ కిందపడి దొర్లి నవ్వింది. సాయంత్రానికి పన్నెండు ద్రాక్షలు వరసగా మింగింది. మా ఇంట్లో అంతగా నవ్విన రోజు మళ్ళీ రాలేదనిపిస్తుంది నాకు.

మొదటి వారం పిల్లకు కడుపులో తిప్పేది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ, "ఖాళీ కడుపు మీద వద్దు. ముందు బాగా తినిపించండి," అంది. అలా మొదలైంది నా వంట. ఇక సరస్సు రేవులో చేపలు పట్టేవాళ్ళకంటే ముందు లేచేవాణ్ణి. పొయ్యి రాజేసి, వెన్నలో రెండు గుడ్లు వేయించి, బూరుల్ ముందురోజు తెచ్చిన రొట్టెకు మీగడ, ఆప్రికాట్ జామ్ పట్టించేవాణ్ణి. జిపార్ దుప్పటి కప్పుకునే వచ్చి, పొయ్యి పక్క పీట మీద పాదాలు పైకి పెట్టుకుని కూర్చునేది.

"నాలుగు ముద్దలు తిన్నాకే మందు," అనేవాణ్ణి.

"పెద్ద ముద్దలా, చిన్న ముద్దలా?"

"నానమ్మ చేసే సైజు."

"అమ్మో! అవి ముద్దలు కాదు నాన్నా, బండరాళ్ళు."

తింటూ ఒకటే ప్రశ్నలు. ఆవుకు జలుబు చేస్తే ముక్కెవరు తుడుస్తారు? మన సరస్సు గడ్డకట్టదు కదా, మరి చేపలకు చలికాలం వచ్చిందని ఎవరు చెప్తారు? నీ బస్సు రాత్రి ఒక్కతే నిలబడి ఏం చేస్తుంది? కిటికీ అద్దం మీద మంచు పూలు పరుచుకుని ఉండేవి. తను వేలితో వాటి మీద గీతలు గీసేది. నాకు తెలియని జవాబులన్నీ నేను కల్పించి చెప్పేవాణ్ణి. అప్పటిదాకా నా కూతురితో నేను అంతసేపు కూర్చున్నదే లేదు. ఆ కూర్చోబెట్టింది మందేనని అప్పుడు నాకు తట్టలేదు.

నాలుగో వారానికి తేడా కనిపించింది. ఒకరోజు బడి నుంచి వస్తూనే, "నాన్నా, పేజీ మొత్తం చదివాను! కింద నంబరు దాకా!" అంది. పంతులమ్మ బజారులో నా బస్సు ఆపి మరీ చెప్పింది, ఐజాన్ అనే పిల్ల తనంతట తనే దీని పక్కన కూర్చుందని. బూరుల్ ఆ సాయంత్రం పాడుకుంటూ పిండి కలిపింది.

కానీ ఇంట్లో జిపార్ నెమ్మదించింది. బడి నుంచి వచ్చి గోడకానుకుని కూర్చునేది, కాసేపటికే నిద్రపోయేది. వచ్చీరాని పాటలు గొంతెత్తి పాడే పిల్ల పాట మానేసింది. కోళ్ళకు కొత్త పేర్లు లేవు. పొద్దున పీట మీద కూడా ప్రశ్నలు తగ్గాయి. నేనే ఏదో ఒకటి అడిగితే, "ఏమో నాన్నా," అనేది.

"దీపం వత్తి తగ్గించినట్టు తగ్గించేశారురా పిల్లను," అంది మా అమ్మ ఒకనాడు, కళ్ళొత్తుకుంటూ.

బూరుల్‌తో అన్నాను. "అలసట ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది కదా. ఈ నెలాఖరుకు వెళ్తాం, అడుగుదాం," అంది తను. అది సరైన మాట. అయినా నాకు ఓపిక లేకపోయింది. మర్నాడు పొద్దున జిపార్ గుడ్లు తిన్నాక, "ఈ రోజు నుంచి మందుకు సెలవు," అని చెప్పి మాత్ర నా కోటు జేబులో వేసుకున్నాను. "అమ్మకు చెప్పకు. ఆపమని తనే చెప్పింది, మరిచిపోయి ఉంటుంది," అని ఒక పిచ్చి అబద్ధం కూడా ఆడాను. ఆ పిల్ల తలూపింది. నేనేం చెప్పినా నమ్మే వయసు.

అలా పన్నెండు రోజులు. నాలుగో రోజుకో అయిదో రోజుకో నా పాత జిపార్ తిరిగొచ్చింది. పాడింది, మంచం మీద ఎగిరింది, పాలగిన్నె తన్నింది. నేనూ మా అమ్మా మురిసిపోయాం. మందు ఆపిన సంగతి తెలియని అమ్మ, "చూశావా, అదే సర్దుకుంది," అని నాతో గొప్పగా అంది.

పదమూడో రోజు మంచు తుఫానుకు లోయ దారి మూసేశారు, బడి కూడా ముందే వదిలేశారు. మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అమ్మ పక్కింటికి వెళ్ళినట్టుంది. వంటింట్లో ఏదో చప్పుడు, పిండి దంచినట్టు, ఆగి ఆగి. వెళ్ళి చూస్తే జిపార్ బల్ల కింద ఉంది. చదువు పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది. పిడికిలితో తన తల తనే కొట్టుకుంటోంది.

గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. "ఏంటమ్మా ఇది? ఎందుకు కొట్టుకుంటున్నావు?"

"పాడైపోయింది," అంది. ఏడుపు కూడా లేదు గొంతులో. "మొన్న పని చేసింది నాన్నా. పేజీ మొత్తం చదివాను కదా. ఇప్పుడు మళ్ళీ చదవట్లేదు. ఐజాన్ కూడా వేరే బెంచీకి పోయింది. నేను మంచిగా లేను కదా, అందుకే పాడైపోయింది."

నాకు నా ఏడో తరగతి గుర్తొచ్చింది. బడిలో పంతుళ్ళు నన్ను కొట్టిన దెబ్బలు ఎప్పుడో మానిపోయాయి. నన్ను నేను తిట్టుకున్న తిట్లు మాత్రం ఇప్పటికీ నోట్లోనే ఉన్నాయి. ఆ తిట్లే నా బిడ్డ నోటికి అందించానని అర్థమైంది. నేనూ బల్ల కిందికి దూరాను. పెద్ద ఒళ్ళు, సగమే పట్టింది.

"నీ తల పాడవ్వలేదమ్మా," అన్నాను. "నేను నీ మందు ఆపేశాను. నీతో అబద్ధం చెప్పాను. అమ్మ ఆపమనలేదు. తప్పు నాది, నీది కాదు."

పుస్తకం మూసేసింది. "ఎందుకాపావు?"

"నువ్వు పాడట్లేదని."

"నాకు నిద్రొస్తోంది అందుకే పాడలేదు," అంది, అంత చిన్న విషయం నాకు తెలియనందుకు ఆశ్చర్యపోయినట్టు. "నన్నడగొచ్చు కదా."

సాయంత్రం బూరుల్ రాగానే కోటు జేబులోని మాత్రలన్నీ బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. తను అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. శాలువా కూడా విప్పకుండా నిలబడి చెప్పింది:

"దాని గోల నీకు ముద్దొచ్చింది మెలిస్. ఆ గోలను పొద్దస్తమానం మోసేది అది, నువ్వు కాదు. బడిలో అది పడే పాట్లు నీకు కనపడవు, సాయంత్రం పాట మాత్రం వినపడాలి."

తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చెప్పాల్సినవి మా అమ్మ ద్వారా చెప్పించేది. "ఒరేయ్, ఉప్పు అయిపోయిందట," అని ఒక అడుగు దూరంలో ఉన్న మనిషి మాట నాకు చేరవేసి, "నన్నెందుకురా ఈ పోస్టాఫీసు ఉద్యోగంలో పెట్టారు?" అని వాపోయేది మా అమ్మ. నాలుగో రోజు ముగ్గురం బిష్కెక్ వెళ్ళాం.

ఫరీదా ఇల్దారోవ్నా అంతా విని కళ్ళద్దాలు తీసేసింది. "మీకు నచ్చకపోతే ఫోన్ చేసి నన్ను తిట్టండి, పడతాను. చాటుగా ఆపితే మాత్రం, మందు పనిచేయట్లేదో, మీరు ఇవ్వట్లేదో నాకెలా తెలుస్తుంది? నేనేం మంత్రగత్తెనా?"

"తప్పయిపోయింది డాక్టరమ్మా," అన్నాను.

"అయితే మీరు చూసింది మాత్రం తప్పు కాదు. పిల్ల మరీ మగతగా ఉందంటే మోతాదు ఎక్కువైందేమో. ఆ సంగతి నాకు ముందే చెప్పాల్సింది." కుర్చీ తిప్పి జిపార్ ఎదురుగా వంగి కూర్చుంది. "ఇంతసేపూ పెద్దవాళ్ళే మాట్లాడారు. నువ్వు చెప్పు తల్లీ. మందు వేసుకుంటే నీకెలా ఉంటుంది?"

జిపార్ కాళ్ళు ఊపడం ఆపి ఆలోచించింది. "బడిలో బాగుంటుంది. అందరూ ఒక్కొక్కరే మాట్లాడతారు. వేసుకోకపోతే అందరూ ఒకేసారి మాట్లాడతారు. కానీ ఇంటికొస్తే ఒళ్ళు బరువుగా ఉంటుంది. తడిసిన కోటు వేసుకున్నట్టు."

డాక్టరమ్మ ఆ మాటలు ఉన్నదున్నట్టు రాసుకుంది. తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా పెంచింది, మొదటిసారంత ఎక్కువకు పోలేదు. బూరుల్ ఒక నోటుపుస్తకం కొంది. అందులో రోజూ మేమిద్దరం కాదు, జిపారే రాయాలి: ఈ రోజు ఎలా ఉంది. మొదట్లో బొమ్మలు గీసేది. నవ్వే ఎండ, ఏడ్చే ఎండ, ఒక్కోసారి ఉత్త మబ్బు.

వసంతంలో వచ్చే నూరూజ్ పండగ నాటికి ఐజాన్ మా ఇంట్లో గోధుమ జావ తాగుతూ కూర్చుంది. ఇద్దరూ కలిసి శ్రుతి తప్పిన పాట ఒకటి పాడుతుంటే మా అమ్మ చెవులు మూసుకుని, "మందు ఇంకాస్త పెంచమనరా," అంది. బూరుల్ పకపకా నవ్వింది. ఆ నవ్వులో నాకు కూడా కాస్త వాటా ఇచ్చినట్టు నా వైపు చూసింది. అప్పటికి గానీ నన్ను క్షమించిందని నాకు తెలియలేదు.

అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. చేతి తొడుగులు పోతూనే ఉన్నాయి. అయిదో తరగతిలో ఒక ఏడాది చాలా కష్టంగా గడిచింది. తొమ్మిదో తరగతిలో తనే, "ఆపి చూస్తాను," అంది. ఈసారి డాక్టరమ్మకు చెప్పి, ఆవిడ చెప్పినట్టు ఆపాం. ఆ పొద్దుల వంట కూడా అక్కడితో ఆగిపోయింది. పిల్ల పెద్దదైంది, తన గుడ్లు తనే వేయించుకునేది, నిలబడి నాలుగు నిమిషాల్లో తినేసి పరిగెత్తేది. నేను టీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునే ఉండేవాణ్ణి, ఏమైనా అడుగుతుందేమోనని.

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. జిపార్ ఇప్పుడు బిష్కెక్‌లో పశువుల డాక్టరు చదువుతోంది. శరీర నిర్మాణం పరీక్ష రెండుసార్లు తప్పింది. పోయిన నెల ఫోన్ చేసింది.

"నాన్నా, ఒక మాట చెప్తా, కంగారుపడకు. మళ్ళీ మందు మొదలుపెట్టాను. డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను."

"ఎలా ఉందమ్మా?" అని అడిగాను. అడగడం మాత్రం బాగా నేర్చుకున్నాను.

"ఇంకా వారమే కదా. నోరెండిపోతోంది. కానీ నిన్న రెండు గంటలు కదలకుండా గుర్రం వెనక కాలి నరాలు చదివాను. రెండు గంటలు!"

వెనక బూరుల్, ఫోన్ ఇటివ్వమని నా భుజం లాగుతోంది. నేను ఇవ్వలేదు. జిపార్ చెప్తూనే ఉంది, ఏ నరం ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో, కుంటే గుర్రానికి ఎక్కడ నొక్కి చూడాలో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటి ముందు ఆపిన నా బస్సు ఎక్కాల్సినవాళ్ళు వచ్చి వీధి తలుపు కొడుతున్నారు. ఇంకో రెండు నిమిషాలు ఆగమని కిటికీలోంచి చేత్తో సైగ చేసి, వింటూ కూర్చున్నాను.